కాళ్ల మంటలకి ఏ వైద్యుడు? ముందు చెప్పులు విప్పమన్నాడా చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 62 ఏళ్లు, షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు, రెండేళ్లుగా అరికాళ్ల మంటలు, రాత్రిపూట దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు. నరాల మంటకి ఇచ్చే ప్రెగాబాలిన్ 75 వేసుకుంటున్నా సగం కూడా తగ్గలేదు. చుట్టాలు ఒక ‘నరాల స్పెషలిస్టు’ ఆయుర్వేదం ఆయన పేరు చెప్పారు, మూడు నెలల కోర్సు 45 వేలు, ఈ శుక్రవారం లోపు కడితే పదివేలు తగ్గింపు. పక్కింటివాళ్లేమో ఆక్యుపంక్చర్ అంటున్నారు. ఎవరు మంచివాళ్లో ఎలా తెలుస్తుంది అని.

నేను డాక్టర్ని కాదు. ఖమ్మం వైపు 26 ఏళ్లు మందుల షాపు నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఎనిమిదేళ్లుగా నాకూ షుగర్ మంటలే, అమ్మగారివి ఎలాంటివో చెప్పక్కర్లేదు, రాత్రి రెండింటికి లేచి గచ్చు మీద కాళ్లు ఆనించి కూర్చున్నవాణ్ణి. ఆయుర్వేదం, ఆక్యుపంక్చర్, మా ఆవిడ పోరు పడలేక హోమియో, ఒకసారి మా బావమరిది తీసుకెళ్లిన చోట పసరు కట్టు కూడా అయ్యాయి. అంటే కౌంటర్‌కి ఇటూ అటూ రెండు వైపులా నిలబడ్డాను.

ఏ వైద్యం మంచిది అనే పంచాయితీ ఎప్పటికీ తేలదు, దాన్ని వదిలేయండి. ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చేస్తున్నాడో చూడండి.

నాకు అందరికన్నా మేలు చేసింది ఒక ఆయుర్వేద డాక్టరే. చిన్న గది, బయట నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. లోపలికి వెళ్లగానే చెప్పులు, సాక్సులు విప్పమన్నాడు. నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని వేళ్ల సందులు విడదీసి చూశాడు, కళ్లు మూసుకోమని దూదితో తాకి ఎక్కడ తెలుస్తోందో చెప్పమన్నాడు, ట్యూనింగ్ ఫోర్క్ కొట్టి బొటనవేలి ఎముక మీద పెట్టి జుమ్మని ఎంతసేపు తెలిసిందో లెక్కపెట్టాడు. కుడికాలిలో దాదాపు తెలియలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, మెట్‌ఫార్మిన్ షుగర్ బిళ్ల ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారు? తొమ్మిదేళ్లు అన్నాను. బీ12 విటమిన్ ఎప్పుడైనా చూపించారా? లేదు. మూడేళ్లుగా ఇద్దరు పెద్ద డాక్టర్లకి చూపించుకుంటున్నా, స్వయంగా మందులమ్మేవాణ్ణి అయినా, ఆ పరీక్ష ఎవరికీ తట్టలేదు, నాతో సహా. చేయిస్తే 148 వచ్చింది, 200 కన్నా తగ్గితే లోటు కిందే లెక్క. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుందని పుస్తకాల్లో ఉన్న సంగతే. “ముందు అది పూడ్చుకుని రండి, తర్వాత నా పని చూద్దాం” అని రెండొందలు తీసుకుని పంపేశాడు. ఎర్ర సూది అంటారే మన ఊళ్లలో, ఆ ఇంజెక్షన్లు అయ్యాక మొద్దుబారడం బాగా తగ్గింది. మంట పూర్తిగా పోలేదు, అది షుగర్ వాటా.

ఇంకొక చోటు ఏసీ హాలు. టీవీలో నయమైనవాళ్ల వీడియోలు వరసగా నడుస్తున్నాయి. వైద్యుడు నాడి పట్టుకుని ఇరవై సెకన్లు కళ్లు మూసుకున్నాడు, “నరాల్లో బ్లాకులున్నాయి, క్లీన్ చేయాలి” అన్నాడు, బల్ల కింద నుంచి ప్యాకేజీల కాగితం తీశాడు. నేను బూట్లు వేసుకునే కూర్చున్నాను, లేచేదాకా అలాగే ఉన్నాయి.

ఈ ‘నరాల్లో బ్లాకులు’ గురించి ఒక మాట. మన తెలుగులో నరం అంటే అన్నీ నరాలే. ఇంజెక్షన్ నరానికి ఎక్కిస్తారు, అది రక్తనాళం. పిక్కల మీద నరాలు ఉబ్బుతాయి, అదీ రక్తనాళమే. కాళ్లు మండితే నరాల బలహీనత, ఇది మెదడుకి కబురు మోసే తీగ. నాడి అన్నా అంతే, పుస్తకంలో నాడి వేరు, మణికట్టు దగ్గర పట్టుకునే నాడి వేరు. ఈ గందరగోళం మీద బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. రక్తనాళంలో అడ్డు పడుతుంది, నిజమే, దానికి వేరే పరీక్షలున్నాయి. కబురు మోసే నరంలో పైపులో చెత్తలాగా అడ్డుపడి శుభ్రం చేసేదేమీ ఉండదు. ఆ మాట అన్నవాడికి రెండింటికీ తేడా తెలియదు, లేదా మీకు తెలియదని వాడికి తెలుసు.

అమ్మగారి విషయానికి వస్తే, ఎవరి దగ్గరికి వెళ్లేముందైనా ఆ మంటకి ఒక పేరు పెట్టించండి. షుగర్ ఉంది కాబట్టి షుగర్ మంటలే అనుకోవడం నేను చేసిన తప్పు. బీ12, థైరాయిడ్, కిడ్నీకి క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, ఈ నాలుగూ ఉండాలి. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఎక్కడైనా ఉండి, మోచేయి దగ్గరో మోకాలి పక్కనో నరం తాడులా చేతికి తగులుతుంటే అది కుష్ఠు కావచ్చు. మన దగ్గర అది ఇంకా ఉంది, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడి ఏళ్ల తరబడి తైలాలు రాసుకున్నవాళ్లని చూశాను. ఇక నడుము నొప్పితోపాటు మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ, కూర్చునే చోట మొద్దుబారడం, పాదం ఉన్నట్టుండి వేలాడిపోవడం, ఇలాంటివి వస్తే ఎవరి సలహా అడక్కుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి. అక్కడ గంటలు లెక్క.

ప్రెగాబాలిన్ పనిచేయలేదు అన్నారు. నిజానికి దాని బలమే అంత. పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్కగడితే, ఏడెనిమిది మందికి ఇస్తే ఉత్తుత్తి బిళ్లతో పోల్చితే అదనంగా ఒకరికి నొప్పి సగానికి తగ్గుతుందని తేలింది. జనం వేరే వైద్యాల వైపు చూడటం మూర్ఖత్వం అని నేను అననిది ఇందుకే, అల్లోపతీ దగ్గర కూడా మంత్రదండం లేదు. కానీ 75 అనేది చాలామందికి మొదలుపెట్టే మోతాదు, కిడ్నీలు బాగుంటే డాక్టరు పెంచుతారు, లేదా డులాక్సెటిన్ లాంటిది కలుపుతారు. 2022లో బ్రిటన్‌లో చేసిన ఒక పెద్ద పరిశోధనలో ఎమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్, ప్రెగాబాలిన్ ఏది ముందు మొదలుపెట్టినా ఫలితం దాదాపు ఒకటే, ఒకటి చాలకపోతే రెండోది కలిపితే ఇంకాస్త మేలు అని వచ్చింది. ఆ మాట మీ డాక్టరుతో మాట్లాడారా? రెండేళ్లుగా అదే చీటీ మీద అదే బిళ్ల కొంటున్నారేమో చూసుకోండి. నా షాపులో సగం మంది అంతే, డాక్టర్ని చూసి ఏడాది దాటి ఉంటుంది, చీటీ మాత్రం మడతల్లో చిరిగిపోయి ఉంటుంది.

ఇప్పుడు పొడుల సంగతి, దీనిమీద కొంచెం ఎక్కువే రాస్తాను.

షాపు పెట్టిన కొత్తలో ఒకాయన వచ్చేవాడు, పక్క మండలంలో కీళ్లకీ నరాలకీ వైద్యం చేస్తాడని పేరు. ప్రతి నెలా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వెయ్యి బిళ్లల డబ్బా అడిగేవాడు, చీటీ లేదు, రొక్కం చేతిలో పెట్టేవాడు. మొదటి ఏడాది ఇచ్చాను. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ ఇది చెప్పకపోతే మిగతాది చెప్పే అర్హత నాకు లేదు. కొన్నాళ్లకి ఒక పెద్దావిడ న్యూస్‌పేపర్ పొట్లం తెచ్చి “బాబూ, ఇది వేసుకుంటే మూడోరోజుకే కాళ్లు తేలికయ్యాయి, కానీ మొహం ఇలా అయిందేంటి” అని అడిగింది. బుగ్గలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. పొట్లం విప్పితే గోధుమరంగు పొడి, మధ్యలో సన్నటి తెల్ల నలకలు, సరిగ్గా నూరని బిళ్లలు. షుగర్ చూస్తే మిషన్ మీద 400 దాటింది. ఆవిడ మొహం చూశాక ఆ డబ్బా మళ్లీ ఇవ్వలేదు, ఆయన వేరే షాపు చూసుకున్నాడు.

స్టెరాయిడ్ కలిసిన పొడికి గుర్తులు ఇవే. రెండు మూడు రోజుల్లో అద్భుతంగా తగ్గుతుంది, ఆకలి విపరీతంగా వేస్తుంది, మొహం గుండ్రంగా అవుతుంది, షుగరూ బీపీ పెరుగుతాయి, మానేస్తే మంచం పట్టినంత నీరసం. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, ప్రాణం మీదికి వస్తుంది, పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి మెల్లగా తగ్గించుకోవాలి. ఏళ్ల నాటి నరాల మంట మూడు రోజుల్లో మాయమైతే సంతోషించే ముందు అనుమానించండి, పాడైన నరం కోలుకోవాలంటే నెలలు పడుతుంది.

ఇక లోహాలు. 2004లో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్మే ఆయుర్వేద మందులు 70 రకాలు కొని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ప్రమాదకర మోతాదులో దొరికింది. సీసమూ ఆర్సెనిక్కూ చేసే మొదటి పనుల్లో ఒకటి నరాలు పాడుచేయడం. నరాల మంటకి మందు అని వేసుకున్నదే నరాల మంట పుట్టిస్తుందన్నమాట. శాస్త్రం ప్రకారం శుద్ధి చేసిన భస్మం వేరు అంటారు, అనవచ్చు, నేను వాదించను, కానీ ఆ పొట్లంలో ఉన్నది శుద్ధి అయిందో లేదో మీకూ నాకూ ఎవరు చెప్పాలి? అందుకే నా నియమం ఒక్కటే. సీలు, లేబుల్, అందులో ఏమేం కలిసిందీ, తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న డబ్బా అయితేనే నోట్లోకి. లేబుల్ మీద వత్సనాభి (విషపు దుంప), పాదరసం లాంటివి కనిపిస్తే దాన్ని రాసిన డాక్టరు ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాల్సిందే. “ఫార్ములా మా తాతగారి రహస్యం, చెప్పకూడదు” అంటే నమస్కారం పెట్టి లేవండి. రహస్యం దాచుకోవడానికి ఆయనకి హక్కుంటే, మింగకుండా ఉండటానికి అమ్మగారికీ ఉంది.

వైద్యుణ్ణి అడగాల్సింది పెద్దగా లేదు. ఏం చదివారు, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని మర్యాదగానే అడగండి. బీఏఎంఎస్, బీహెచ్ఎంఎస్, బీఎన్‌వైఎస్, ఇవన్నీ ఆయుర్వేదం, హోమియో, ప్రకృతి వైద్యాల్లో ఏళ్ల తరబడి కాలేజీలో చదివి ఇంటర్న్‌షిప్ చేసిన డిగ్రీలు, వాళ్లకి మండలిలో నంబరు ఉంటుంది, గోడకి తగిలించే ఉంటుంది. ‘ఆల్టర్నేటివ్ మెడిసిన్‌లో ఎండీ’ అని పేరు వెనక పొడుగ్గా ఉంటే ఏ కాలేజీ అని అడిగి చూడండి, మాట మార్చేస్తారు. ఇంకోటి, హోమియో చదివినాయన ఇంగ్లీషు మందులు రాస్తే అది నిర్లక్ష్యమే అవుతుందని సుప్రీంకోర్టు 1996లోనే ఒక కేసులో చెప్పింది. డయాబెటిస్, పక్షవాతం లాంటివి నయం చేస్తామని ప్రకటన వేయడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. గ్యారంటీ అని బోర్డు పెట్టినవాడు చట్టం తప్పి మొదలుపెట్టాడని అర్థం. ఖర్చు భయముంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది, విజయవాడలో నోరి రామశాస్త్రి గారి పేరు మీద ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడ ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఉండరు.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష: “ఇప్పుడు వాడుతున్న మందులేమిటి” అని అడిగాడా, అడిగి చీటీ చదివాడా. “నా మందు మొదలుపెట్టాక షుగర్ బిళ్లలు మానేయండి” అన్నాడంటే డబ్బు కట్టేసి ఉన్నా సరే వదిలేసి రండి. ప్రెగాబాలిన్ కూడా ఉన్నపళంగా ఆపకూడదు, నిద్ర పట్టదు, చెమటలు, వికారం, అది చూసి ‘విషం బయటికి పోతోంది’ అని కబుర్లు చెబుతారు.

షుగర్ కాళ్లకి వేడి అసలు పనికిరాదు, దీన్ని ఫ్రిజ్ మీద రాసి అంటించండి. మా షాపు పక్క వీధిలో ఉండే రిటైర్డ్ టీచరుగారు ఎవరో చెప్పారని ఉప్పు వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని టీవీ చూస్తూ కూర్చున్నారు. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కాళ్లకి తెలియలేదు. మర్నాడు బొబ్బలు, నెలన్నరకి ఎడమ కాలి రెండు వేళ్లు తీసేశారు. వాతలు, వేడి ఇసుక మూటలు, జలగలు, కత్తిగాటు పెట్టి రక్తం తీసే కప్పింగు, ఇవేవీ స్పర్శ తగ్గిన పాదం మీద చేయనివ్వొద్దు. చేతితో మెత్తగా నూనె రాయించుకోండి, హాయిగా ఉంటుంది, కానీ నూనె వేడి రాసేవాళ్లు తమ మణికట్టు మీద చూసుకోవాలి.

ఆక్యుపంక్చర్ అడిగారు కదా. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది, కాబట్టి దొంగ వైద్యం అనలేం. నరాల మంటకి పనిచేస్తుందనడానికి గట్టి రుజువులు మాత్రం లేవు, 2017లో పరిశోధనలన్నీ జల్లెడ పట్టినవాళ్లు చాలినంత ఆధారం లేదనే తేల్చారు. నేను పది సార్లు వేయించుకున్నాను. వేయించుకున్న రాత్రి బ్రహ్మాండంగా నిద్ర పట్టేది, రెండోరోజు సాయంత్రానికి మంట యథాస్థానానికి వచ్చేది. పదితో ఆపేశాను, బాధేం లేదు, ఆ పది రాత్రులైనా పడుకున్నాను. వెళ్తే ప్రతిసారీ సీలు తెంపిన కొత్త సూదులేనా చూడండి, షుగర్ అని చెప్పండి, రక్తం పల్చబడే మందులుంటే అదీ చెప్పండి. హోమియో గురించి అడగలేదు కాబట్టి తప్పించుకుంటాను, మా ఆవిడ కూడా ఇవి చదువుతుంది.

నడుం నుంచి కాలికి లాగే నొప్పి ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఎముకలు టక్కుటక్కుమనిపించే వీడియోలు చూసి మెడ అప్పగించకండి. ఆ శబ్దం కీలులో గాలిబుడగది, ఎముక సర్దుకున్నది కాదు. మెడని విసురుగా తిప్పితే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి, అరుదే, కానీ ఉన్నాయి.

ఎవరి దగ్గర మొదలుపెట్టినా ముందు రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టండి. రాత్రి ఎన్నిసార్లు లేచారు, మంట పదికి ఎంత, వీధి చివరి దాకా నడిచారా, అంతే. ఎందుకంటే మనం కొత్త వైద్యుడి దగ్గరికి పరిగెత్తేది మంట భరించలేని రోజున. నరాల మంటకి ఆటుపోట్లు ఉంటాయి, ఆ రోజు తర్వాత ఎలాగూ కాస్త తగ్గుతుంది, ఏమీ చేయకపోయినా. ఆ తగ్గడం ఎవరి పొడి ఖాతాలో పడుతుందో చెప్పక్కర్లేదు. అక్కి లేచినప్పుడు జాజుతో రాయిస్తే తగ్గిందంటారే, అది కూడా ఇదే లెక్క, అక్కి పొక్కులు రెండు మూడు వారాల్లో వాటంతట అవే ఎండిపోతాయి. రాయించుకోండి, తప్పులేదు, కానీ పొక్కు కనిపించిన మూడు రోజుల్లోపు వైరస్ మందు పడాలి, రాయించడం కోసం ఆ మూడు రోజులు పోగొట్టుకుంటున్నారు. పదిలో రెండు పాయింట్లు తగ్గి ఆరు వారాలు నిలబడితే ఆ వైద్యం పనికొచ్చిందనుకోవచ్చు. తగ్గకపోతే ఆపేసే స్వేచ్ఛ మీ చేతిలో ఉండాలి, మూడు నెలల డబ్బు ముందే కడితే ఆ స్వేచ్ఛ ఆయన చేతికి ఇచ్చినట్టే. నెలనెలా కడతాం అని చెప్పి చూడండి.

నేనే అమ్మగారి స్థానంలో ఉంటే ఈ వారం ఆ నాలుగు పరీక్షలు చేయించి, మోతాదు సంగతి పాత డాక్టరుతో మాట్లాడతాను. వచ్చే వారం ఆ ఆయుర్వేదం ఆయన దగ్గరికి ఉత్త కన్సల్టేషన్‌కి వెళ్తాను, రిపోర్టులు సంచిలోనే ఉంచి, కాళ్లు చూస్తాడేమో అని. శుక్రవారం తగ్గింపు గురించి టెన్షన్ పడకండి. శుక్రవారం దాటనిచ్చి సోమవారం పొద్దున ఫోన్ చేయండి, అదే రేటు చెబుతారు.